రేడియేటర్ మీద చెయ్యి

ప్యాసైతే చెప్పుకోవడానికేమీ ఉండదు, నిన్నగాక మొన్న కంప్యూటర్ మూత విప్పడం నేర్చుకున్నవాళ్ళు రాసే పరీక్ష అది. ప్యాసయ్యానంటే నవ్వుతారు. ఫెయిలైతే మాత్రం ఊరంతా తెలుస్తుంది. గెలిస్తే దక్కేది లేదు, ఓడితే మిగిలేది లేదు, ఇలాంటి ఆటకు బుద్ధున్నవాడెవడైనా కూర్చుంటాడా? కాలేజీ మేడమీది వరండాలో బెంచీ అంచున కూర్చుని ఓర్మోన్ ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాడు. బయట నది గడ్డకట్టి ఉంది. ఆయనకు మాత్రం చొక్కా లోపల చెమట పడుతోంది. మోకాళ్ళ మధ్య టోపీ నలిగి ముద్దయింది.

ఆ కొండల పట్టణంలోని ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఆయన చేతి మీదే బతుకుతున్నాయి. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడు నెరిసింది. సర్వర్ గది తాళంచెవి తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంటాడు, స్నానానికి కూడా తీయడు. ఈ శరత్కాలంలో రాజధాని బిష్కెక్ నుంచి కొత్త ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి, వాటితోపాటు ఒక షరతూ వచ్చింది. కొత్త సంవత్సరం నుంచి మొదటి మెట్టు సర్టిఫికెట్ అయినా లేనివాడు సర్వర్ గదిలో అడుగు పెట్టకూడదు. పెద్ద డాక్టరు ఆ మాట చాలా మెత్తగా చెప్పాడు. ఉత్త కాగితమే కదా, ఒకపూట పని అన్నాడు. ఆ మెత్తదనమే ఓర్మోన్‌ను భయపెట్టింది. రోగికి చెడ్డ కబురు చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు అలాగే ఉంటుంది.

తనతో పనిచేసే జిర్గల్ ముందే రాసి వచ్చేశాడు. టీ తాగే గదిలో అందరి ముందూ, పెద్దన్నను పిలిచినట్టు 'బైకే' అని పిలుస్తూ అన్నాడు: "గుర్రప్పందెం గెలిచినాయన్ని గాడిదెక్కి చూపించమన్నట్టుంది బైకే. ఎక్కండి, దిగండి, అయిపోద్ది. కాకపోతే ఒకటి, గుర్రం మీంచి పడితే మర్చిపోతారు గానీ గాడిద మీంచి పడితే మనవలక్కూడా చెప్పుకుంటారు."

అందరూ నవ్వారు, ఓర్మోనూ నవ్వాడు. ఆ సాయంత్రమే తలుపు వేసుకుని నమూనా ప్రశ్నలు తెరిచాడు.

మొదట్లోనే ఒక ప్రశ్న. కంప్యూటర్ లోపల చెయ్యి పెట్టేముందు ఒంట్లో చేరిన కరెంటును ఎలా వదిలించుకోవాలి? ఇచ్చిన జవాబుల్లో గది వెచ్చబడేందుకు గోడకు పెట్టిన వేడినీళ్ళ రేడియేటర్‌ను తాకడం అని ఒకటుంది. మిగతావి చదవకుండానే దాన్ని గుర్తు పెట్టాడు. ఆ ఊళ్ళో ఎవరైనా అంతే చేస్తారు. పాత భవనాల సాకెట్లకు రెండే కన్నాలు, నేలలోకి పోయే తీగ ఉండదు. ఆయనకు పని నేర్పిన ముసలి మెకానిక్ మొదటిరోజే చెప్పాడు, ముందు రేడియేటర్‌తో చెయ్యి కలుపు, ఆ తర్వాతే యంత్రంతో కలుపు అని. ఇనుప గొట్టం నేల అడుగుదాకా పోతుంది, ఒంట్లోదంతా అదే లాగేసుకుంటుంది.

జవాబు తప్పన్నది తెర. మణికట్టుకు ఎర్త్ తీగ ఉన్న పట్టీ కట్టుకోవాలట.

ఇది రాసినవాళ్ళు మన సాకెట్లు చూసి ఉండరని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఇనుప గొట్టం, సరే. గొట్టం ఇనుపదైతే.

మర్నాడు ఆసుపత్రి కొత్త భాగంలో, నర్సులు టీకి వెళ్ళిన సమయం చూసి, రేడియేటర్ వెనక మోకాళ్ళ మీద కూచున్నాడు. గొట్టం తెల్లగా ఉంది. గోటితో తట్టాడు, మొద్దుగా పలికింది. ప్లాస్టిక్. ఆ భాగం తిరిగి కట్టినప్పుడే అన్నీ మార్చేశారు. ఇన్నేళ్ళుగా రోజూ దాని పక్కనుంచే నడిచాడు, రోజూ ఆ రేడియేటర్‌ను తాకాడు. గాల్లో వేలాడే ఇనుముతో చెయ్యి కలిపి, ఆ చేత్తోనే మూతలు విప్పాడు. ప్రతి చలికాలం ఆ భాగంలోనే బోర్డులు పాడయ్యేవి. నాసిరకం సరుకు అని తిట్టేవాడు. సరుకే కావచ్చు. కాకపోనూవచ్చు. ఇక తేల్చేవాళ్ళెవరూ లేరు.

ఆ రోజునుంచి భయం ముఖం మార్చుకుంది. అంతకుముందు ఫెయిలవుతానేమోనన్న భయం. ఇప్పుడు ఒక్కో ప్రశ్నా గోడలో ఒక్కో తలుపులా కనిపిస్తోంది, తెరిస్తే వెనక ఏ తెల్ల గొట్టం ఉందో. యంత్రం పాడైందని ఎవరైనా చెప్తే మొదట ఏం చెయ్యాలి అని ఇంకో ప్రశ్న. మూత విప్పాలని పెట్టాడు. అదీ తప్పే. ముందు ఆ మనిషిని అడగాలట. ఎప్పుడైనా అడిగాడా? చేత్తో సైగ చేస్తే నర్సులు కుర్చీలోంచి లేచేవాళ్ళు. తెలిసిన చెయ్యి అనుకున్నది, అలవాటు పడ్డ చెయ్యి మాత్రమేనా? ఈ రెంటినీ లోపలినుంచి వేరు చేసి చూడడం ఎలా?

ఇవాళ పొద్దున బయల్దేరేటప్పుడు భార్య బూరుల్ గిన్నెడు నీళ్ళు ఆయన తల చుట్టూ తిప్పి బయట పారబోసి, గిన్నెను గడప దగ్గర బోర్లించింది. "ఇంతకీ దేనికండీ ఈ భయం? కంప్యూటర్‌కా, కాగితానికా?" అని అడిగింది. రెంటికీ కాదన్నాడు. దేనికో చెప్పలేకపోయాడు.

"ఓర్మోన్ బైకే, రండి" అని పిలుపు వినిపించింది.

పరీక్ష చూసుకునే సైకాల్ బొచ్చు టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. గడియారం, ఫోను, మెడలో తాళంచెవి కూడా తీసి పెట్టెలో పెట్టించింది. తాడు తీశాక మెడ దగ్గర చల్లగా తగిలింది. ఇవాళ రాసేది ఈయనొక్కడే. ఆయనను కూర్చోబెట్టి, కంప్యూటర్ బొత్తాం నొక్కింది. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది.

"చూశారా దీని నాటకం" అంది. "పొద్దున చక్కగా పనిచేసింది బైకే. మీ చేతిలో పనే కదా, ఒకసారి చూస్తారా? అవకపోతే మానెయ్యండి, వసంతంలో మళ్ళీ రాద్దురు గానీ. యంత్రం చెడిపోయిందని నేనే రాసిస్తా. మీ తప్పు కాదుగా."

వసంతంలో. ఓర్మోన్ ఒంట్లో ఏదో వదులైంది. అవదు అని ఒక్క మాటంటే చాలు. తాళంచెవి పోతుంది, నిజమే, కానీ ఫెయిలవలేదు, యంత్రం చెడిపోయింది. జిర్గల్ కూడా ఏమీ అనలేడు. తప్పులన్నీ లెక్కకు రాకుండా గోడ వెనకే ఉండిపోతాయి. గుండె దడ తగ్గుతున్నట్టే ఉంది. అలా తగ్గుతుంటే మరింత భయమేసింది.

లేచాడు. చెయ్యి దానంతటదే కిటికీ కింది రేడియేటర్ వైపు పోయింది. తాకబోతూ ఆగి, వంగి కిందికి చూశాడు. ఇక్కడా తెల్ల గొట్టమే. వేళ్ళు గాల్లో నిలిచిపోయాయి. ఆ చేతిని ఏం చెయ్యాలో తోచక జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా" అన్నాడు. "ఇది ఆగేముందు మీరేం చేశారు? మొదటినుంచీ చెప్పండి."

సైకాల్ వింతగా చూసింది. "నేనా? నేనేం చేస్తాను? గది తుడిపించా, కిటికీ సందులో గుడ్డ కుక్కా. రేడియేటర్ వేడి చాలక మీరు చలికి వణుకుతారేమోనని హీటరు పెట్టా, అంతే."

"ఎక్కడ పెట్టారు?"

ఆమె బల్ల కిందికి చూపించింది. కంప్యూటర్ పెట్టిన ప్లగ్గుల పెట్టెకే హీటరు తీగ కూడా తగిలించి ఉంది. రెంటి కరెంటు బరువూ మోయలేక, పెట్టెను ఆపేసే బొత్తాం పైకి పొడుచుకొచ్చింది. మూత విప్పాల్సిన పనే లేదు.

"దాన్ని తీసేస్తే గది మంచుగడ్డైపోద్ది బైకే" అంది సైకాల్. "వేళ్ళు కొంకర్లు పోతాయి, ఎలా రాస్తారు?"

ఓర్మోన్ బల్ల కింద కూచుని, హీటరు ప్లగ్గు ఊడబీకి, బొత్తాన్ని లోపలికి నొక్కాడు.