కదలకుండా నిలబడ్డ మాష్టారు

బయల్దేరేముందు మాష్టారు తన భార్య చెప్పే జాగ్రత్తలన్నీ ఓసారి మనసులో వల్లెవేసుకున్నారు. డబ్బంతా ఒకే జేబులో పెట్టొద్దు. నడిరోడ్డు మీద కాగితం విప్పి అడ్రసు చదవొద్దు, కొత్తవాణ్ణని ఊరందరికీ చాటినట్టుంటుంది. దారి అడగాల్సొస్తే నడిచేవాళ్ళని అడగొద్దు, వెంట తీసుకెళ్తామంటారు. కొట్లో కూర్చున్నవాళ్ళని అడగాలి, వాళ్ళు కొట్టొదిలి ఎక్కడికీ రాలేరు. అన్నిటికన్నా ముఖ్యం, తప్పిపోతే ఉన్నచోటే ఉండాలి.

"మీరూ వెతకడం మొదలెడితే ఇద్దరం తప్పిపోతాం. కదలకండి, నేనొస్తాను," అనేది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో నాలుగు ఊళ్ళలో అలాగే వచ్చింది కూడా.

మూడు నెలల కిందట చెల్లెలింటి నుంచి తిరిగొస్తూ, ఇప్పుడు మాష్టారు వెళ్తున్న ఊళ్ళోనే బస్సెక్కి, సీట్లో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మనిషిని ఇంటికి చేర్చారు. సంచీ బస్సులోనే ఉండిపోయింది. మరిచిపోయిన సామాన్లు దాచే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీ సాయంత్రం నాలుగింటిలోగా తీసుకెళ్ళని వస్తువులు పారవేయబడును. ఉత్తరం వచ్చి నెలైంది. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ మాష్టారు ఆ తేదీ దాకా లాక్కొచ్చారు.

ఒంటిగంటన్నరకి, ఆ ఊళ్ళో ఆఫీసు వెతుక్కుంటూ, తిరగాల్సింది మూడో మలుపో నాలుగో మలుపో తేలక, ఓ తాళాల కొట్టు ముందు తప్పిపోయారు. తప్పిపోయారు కాబట్టి నిలబడ్డారు.

మూడు దాటాక కొట్లో ఆవిడ ఆకురాయి పక్కన పెట్టింది.

"ఏమండీ పెద్దాయనా, ఇందాకట్నుంచీ నా కొట్టుకి కాపలా కాస్తున్నారు. తాళాలమ్ముకునేదానికి కాపలా ఎందుకండీ?"

"మా ఆవిడ వస్తుందని చూస్తున్నాను."

"ఎటెళ్ళిందేం?"

మాష్టారు సరైన మాట కోసం కాస్త ఆగారు. "చనిపోయింది. మూడు నెలలైంది."

ఆవిడ ఆలోచించింది. "అయితే రావడం కష్టమేనండీ."

"అవునండీ. నాకూ ఇప్పుడే తట్టింది."

ఉత్తరం చూపించారు. ఆవిడ తేదీ చూసింది, గోడ గడియారం చూసింది, లేచి షట్టరు కిందికి లాగింది.

"కొట్టు మూసేస్తున్నారా?" మాష్టారు ఓ అడుగు వెనక్కి వేశారు. "కొట్లో వాళ్ళు కొట్టొదిలి రారని మా ఆవిడ లెక్క."

"మీ ఆవిడకి కొట్టు లేదు కాబోలు. నడవండి. భయమేస్తే పదడుగులు వెనక రండి."

మాష్టారు పదడుగులు వెనకే వెళ్ళారు.

నాలుగుకి పది నిమిషాలుండగా చేరారు. గుమాస్తా అప్పటికే బీరువాకి తాళం వేసేశాడు. ఆవిడ ఆ తాళం వైపు ఓసారి తేలిగ్గా చూసింది. అతను తాళం తీసి, సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీదేనని గుర్తు చెప్పాలి."

"సంచీ పై అరలో మా ఆవిడ పెట్టిన చీటీ ఉంటుంది. నా పేరు, అడ్రసు, ఫోను నంబరు రాసి."

చీటీ ఉంది. తాళాల కొట్టావిడ అందుకుంది. "ఫోను నంబరు పెట్టుకుని ఉత్తరం రాశారేమయ్యా? రెండు నెలలు కూర్చుని రాశారా?"

"చీటీ రాసినావిడ చెప్పినట్టే చేశామండీ. వెనక చూడండి," అన్నాడు గుమాస్తా.

వెనక ఇలా ఉంది. 'మావారు కంగారుపడే మనిషి. దయచేసి ఏ సంగతైనా నెమ్మదిగా చెప్పండి.'

"ఫోనైతే ఒక్కసారిగా చెప్పినట్టవుతుందని..." అన్నాడతను.

మాష్టారు చీటీ రెండుసార్లు చదివారు. తప్పుల్లేవు. మడిచి, డబ్బు లేని జేబులో పెట్టుకుని, చూపించిన చోట సంతకం చేశారు.

బయటికొచ్చాక ఆవిడ అడిగింది. "బస్టాండుకి దారి తెలుసా?"

"తెలీదండీ."

"మరి?"

"మీరు వెళ్ళండి. బేరాలు పోతాయి."

ఆవిడ మలుపు తిరిగేదాకా మాష్టారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆ తర్వాత కూడా కాసేపు నిలబడ్డారు, అలవాటు కొద్దీ. అప్పుడు సంచీ భుజానికి తగిలించుకుని, రోడ్డు దాటి, ఎదురు కొట్లో కూర్చున్న దర్జీ దగ్గరికి నడిచారు.