మార్జిన్ కలిపిన మార్కు

సాయంత్రం నాలుగూ పన్నెండు. పరీక్ష మళ్ళీ రాయాలంటే నమోదు గడువు ఐదింటికి.

ఆమె దర్జీ దుకాణంలో అడుగుపెట్టేసరికి తండ్రి నోట్లో మూడు గుండుసూదులున్నాయి. అద్దం ముందు డ్రైవింగ్ మాస్టారు, ఇంకా ఒక చెయ్యే కుట్టిన కోటు తొడుక్కుని నిలబడ్డాడు.

"నాన్నా, ఆ పరీక్ష మళ్ళీ రాయను. వచ్చిన 638 చాలు. ఊరి చివరి కాలేజీవాళ్ళు సీటిస్తామన్నారు. పెద్ద స్కూలుకో దండం."

బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్ష కోసం ఆమె కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ బల్ల కింద పుస్తకం దాచుకుని ఐదు నెలలు చదివింది. పెద్ద స్కూలుకి 650 కావాలి. పన్నెండు తక్కువ.

తండ్రి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు. తప్పు చేసినప్పుడే ఆయన అంత నిదానంగా గుచ్చుతాడు.

"మరి నిన్న పెద్ద స్కూలుకి పంపిన దరఖాస్తు?"

"638 చూసి వాళ్ళే పక్కన పడేస్తారులే."

"పడేయరేమోనే."

నిన్న పొద్దున ఆమె జడ వేసుకుంటూ వివరాలు చదువుతుంటే తండ్రే టైపు చేశాడు.

"668 కొట్టాను," అన్నాడాయన.

"ముప్ఫై కలిపావా?"

"కావాలని కాదు తల్లీ. నలభై ఏళ్ళుగా చెవిన పడిన ప్రతి కొలతకీ కుట్టులోకి పోయే మార్జిన్ కలిపే రాస్తున్నా. చెయ్యి దానంతటదే కలిపేసింది."

ఆమె ఫోన్లో దరఖాస్తు తెరిచింది. వయసు ఇరవై ఆరు కాస్తా ఇరవై ఏడయింది. నాలుగేళ్ళ అనుభవం ఐదేళ్ళయింది. ఫోన్ నంబరు మాత్రం సరిగ్గా ఉంది.

"దీన్నెందుకు వదిలేశావు?"

"అది కొలత కాదుగా."

నాలుగూ ముప్ఫై ఒకటి. స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతలి గుమాస్తా గొంతు స్టేప్లర్ కొట్టినట్టుంది.

"అన్నీ సరిచేశాను. 638కి మేం ఫైలు తెరవం. ఐదింటిలోగా మళ్ళీ పరీక్షకి నమోదు చేసుకుంటే దరఖాస్తు ఆపి ఉంచుతాం. కానీ కొత్త మార్కు రాగానే పాతది రద్దవుతుంది. తగ్గితే తగ్గినట్టే."

తగ్గితే ఊరి చివరి కాలేజీ కూడా పోతుంది. ఆమె కత్తిరించే బల్ల అంచున కూలబడింది.

"పరీక్షలో ఎన్ని వదిలేశావమ్మా?" మాస్టారు అద్దంలోంచే అడిగాడు.

"తొమ్మిది ప్రశ్నలు."

"రాకా?"

"చదవనేలేదు. టైమైపోయింది. ప్రతి లెక్కా రెండుసార్లు చేశాను."

"ఎందుకలా?"

"పార్సిల్ మీద చిరునామా రెండుసార్లు చూడందే పంపను. అలవాటు."

"రెండోసారి చేస్తే ఎన్ని జవాబులు మారాయి?"

"ఒక్కటీ మారలేదు."

"మా దగ్గరా ఉంటారు ఇలాంటివాళ్ళు. అద్దం చూస్తూనే ఉంటారు, బండి కదపరు."

"వీళ్ళ నాన్న కలుపుతాడు, ఈవిడ మళ్ళీ తూస్తుంది," అన్నాడు తండ్రి, తన గురించి కానట్టు. "ఇంక చదవాల్సిందేం లేదే. మానాల్సిందొకటే ఉంది."

నాలుగూ యాభై మూడు. ఆమె నమోదు పేజీ తెరిచి నింపింది. చివర ఆకుపచ్చ బటన్. వేలు దాని దాకా వెళ్ళి ఆగింది. వివరాలన్నీ మరోసారి చూసుకోవడానికి పేజీ మొదటికి వెళ్ళింది.

మళ్ళీ బటన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగూ యాభై ఎనిమిది. వేలు మళ్ళీ పైకి కదిలింది.

తండ్రి మెడలోని టేపు తీసి మడిచి ఫోను మీద పరిచాడు. బటన్ ఒక్కటే మిగిలింది.

ఆమె నొక్కింది.

టేపు తీసి చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండోసారి చూడలేదు.

"పరీక్ష ఎన్నింటికి?"

"పంతొమ్మిదో తారీఖు, తొమ్మిదింటికి."

ఆయన సుద్దతో గోడమీద ఎనిమిదిన్నర అని రాశాడు.

"నాన్నా."

"ఇది మాత్రం ఉండనీవే."

ఆమె చెరపలేదు.

"మరి నా కోటో?" అన్నాడు మాస్టారు.

"శనివారం ఇచ్చేస్తా."

మాస్టారు కోటుకి చెయ్యి కుట్టిన వైపు జేబులోంచి డైరీ తీసి, మంగళవారం అని రాసుకున్నాడు.