కొట్టేసిన వాక్యాలు

మగాళ్ళకి బుడ్డ దిగకుండా కాపాడే సాధువు పేరు ఇప్పాట్సియో. ఆడపిల్లకి ఆ పేరు పెట్టాలని మామూలుగా ఎవరికీ బుద్ధి పుట్టదు. కానీ తొర్రెసెక్క అనే ఊళ్ళో ఆలివ్ నూనె గానుగ ఆడించే ఒకాయనకి బుడ్డ దిగింది, మొక్కుకున్నాడు, తగ్గింది, అదే నెలలో కూతురు పుట్టింది. ఇంకేముంది, ఆ పిల్ల జన్మంతా ఇప్పాట్సియా అయి కూర్చుంది. మా నాన్న వరిబీజానికి నేను రసీదునని ఆవిడే చెప్పి అందరినీ నవ్వించేది.

ఊరి ఆసుపత్రి కాన్పుల వార్డులో మంత్రసానిగా ఆవిడ ఒక జీవితకాలం పనిచేసింది. నడివయసు దాటని వాళ్ళంతా, మేయరుతో సహా, ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. అందువల్ల ఆవిడకి ఎవరన్నా భయంగానీ భక్తిగానీ లేవు. ఎంతటివాడినైనా ఒంటిమీద నూలుపోగు లేకుండా చూశాక ఇంకేం భయం?

ఆవిడ రిటైరైన మరుసటేడు, ఖర్చు గిట్టడం లేదని రాజధానివాళ్ళు ఆ వార్డు మూసేశారు. అప్పట్నుంచీ నొప్పులొస్తే అరవై కిలోమీటర్లు పోవాలి. మొన్న శీతాకాలంలో గ్రాత్సియెల్లా అనే అమ్మాయి సగం దారిలో, గతుకుల రోడ్డు మీద, కారులోనే కనేసింది. మొగుడు బూటు లేసు ఊడదీసి బిడ్డ బొడ్డుతాడు కట్టాడు. తల్లీబిడ్డా బతికారు, వాళ్ళ అదృష్టం. ఆ సంగతి విన్న రోజు ఇప్పాట్సియా పొయ్యి వెలిగించలేదు. ఆ రోడ్డు మీద తన చేతులు లేకపోయాయే అని వాటికేసి చూసుకుంటూ కూర్చుంది.

అలాంటిది, వసంతకాలంలో ఒక కబురొచ్చింది. అదే వార్డులో రెండు కంప్యూటర్లు పెట్టి కుటుంబ ప్రోత్సాహక కేంద్రం అని పేరు పెట్టారట. దేశంలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండమ్మా అని ఆడవాళ్ళకి చెప్పడానికట. ప్రారంభించడానికి స్వయంగా మంత్రిగారే వస్తున్నారట.

ఇప్పాట్సియా బీరువాలోంచి పెళ్ళినాటి దుప్పటి తీసి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, చౌకు వైపున్న బాల్కనీకి కట్టింది. "మంత్రిగారికి స్వాగతం. కనమంటారు సరే, ఎక్కడ కనాలి?"

జనం ఇంకా పొద్దుటి కాఫీ తాగుతుండగానే అగ్నిమాపక శకటం వచ్చింది. మంటలేమీ లేవు. నిచ్చెన వేసుకుని ఒక కుర్రాడు పైకెక్కి, ఆవిడ ముఖం చూడలేక తల దించుకుని దుప్పటి విప్పాడు. దుప్పటికి పెట్టిన క్లిప్పులు మాత్రం ఇచ్చిపొమ్మంది ఆవిడ.

వెనకాలే ఇన్‌స్పెక్టర్ రుజ్జేరో మెట్లెక్కి వచ్చాడు. మంచివాడే, కాకపోతే టోపీ పెట్టుకుంటే తలకాయ పనిచెయ్యదు.

"పేరు చెప్పాలి" అన్నాడు పుస్తకం తెరిచి.

"ఒరే రుజ్జేరో, నా పేరు నీకు తెలీదట్రా?"

"రూలు పిన్నీ. గుర్తింపు కార్డు కూడా చూపించాలి."

"మీ అమ్మ నీకింకా పేరు పెట్టకముందే నిన్ను తలకిందులుగా పట్టుకుని పిర్ర మీద ఒకటిచ్చాను. అప్పుడు నిన్నడిగానా కార్డు?"

రుజ్జేరో చెవులు ఎర్రబడ్డాయి. ప్రజాశాంతికి భంగం కలగొచ్చని పైనుంచి ఆదేశం ఉందన్నాడు. ప్రశ్న అడిగితే శాంతికి భంగమేమిటని ఆవిడ అడిగింది. అతను టోపీ సర్దుకుని, తను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అప్పజెప్పాడు.

"ఇది స్వేచ్ఛ ఉన్న దేశం పిన్నీ. ఎవరైనా ఏమైనా అనొచ్చు. మంత్రిగారొచ్చే రోజు, ఆ చౌకులో, ఆ టైముకి మాత్రం అనకూడదు. అంతే."

మర్నాడు మేయరు కతాల్దో కేకు పట్టుకుని వచ్చాడు. కడుపులోంచి ముందు పిర్రలు చూపించి పుట్టినవాడు అతను. వీడు రాజకీయాల్లోకి పోతాడని అప్పుడే అనుకున్నానని ఆవిడ ఊరంతా చెప్పేది. కతాల్దో లెక్క తేలికైంది. వేదిక మీద కూర్చున్న మనిషికి బాల్కనీలో దుప్పట్లు కట్టే వీలుండదు. అందుకని, ఊరికి చేసిన సేవకి మంత్రిగారి చేతుల మీదుగా పాలరాతి ఫలకం ఇప్పిస్తామన్నాడు. నాలుగు మాటలు కూడా మాట్లాడొచ్చు. కాకపోతే ఆ నాలుగు మాటలూ ముందుగా రాసి చూపించాలి.

ఆవిడ సరేనంది. అంత తొందరగా ఒప్పుకున్నందుకు అతనికి అనుమానం రావాల్సింది. రాలేదు.

నిజానికి అప్పటికి ఆవిడ మనసులో ఏ ఎత్తూ లేదు. ఉన్నదున్నట్టు రాస్తే మనుషులు చదివి సిగ్గుపడతారనుకుంది. ఉపన్యాసం రాసి, గర్వంగా, చేపల అంగడి నుంచి కాఫీ కొట్టు దాకా కనబడ్డవాళ్ళందరికీ చదివి వినిపించింది. ఊరివాళ్ళకి అది నోటికొచ్చేసింది.

తర్వాత జిల్లా కార్యాలయం నుంచి ఫుల్వియా అనే అధికారిణి దిగింది. మంచి సెంటు వాసన, అంతకన్నా మంచి మర్యాద. ఉపన్యాసంలోంచి బూటు లేసు ముందు పోయింది, అది ఒకరి సొంత విషయమట. అరవై కిలోమీటర్లు పోయాయి, దూరం మీద భిన్నాభిప్రాయాలున్నాయట. "మూసేశారు" అన్నచోట "పునర్వ్యవస్థీకరించారు" అని రాసింది. ఇప్పాట్సియా అది పలకబోయి, నా కట్టుడుపళ్ళు ఊడి మంత్రిగారి ఒళ్ళో పడతాయంది. సరే అని ఆ వాక్యమే తీసేసింది ఫుల్వియా.

"మేం సెన్సారు చెయ్యడం లేదు సిన్యోరా. కాస్త పొడవు తగ్గిస్తున్నాం."

"అమ్మాయీ, నేను జీవితమంతా బొడ్డుతాళ్ళు కోసినదాన్ని. ఎక్కడ కోస్తే నెత్తురొస్తుందో నాకు తెలుసు."

ఫుల్వియా చిరునవ్వుతో ఇంకో వాక్యం కొట్టేసి, మిగిలినదాని మీద ముద్ర వేసి వెళ్ళింది.

ఆ కాగితం చూస్తే ఇప్పాట్సియాకి ఒళ్ళు మండింది, తర్వాత సిగ్గేసింది. ముసలి బొమ్మకి బట్టలు తొడిగి వేదికెక్కిస్తున్నారు, నేనూ బుద్ధిగా చేతులెత్తి తొడిగించుకుంటున్నాను అనుకుంది. ఒంట్లో బాలేదని మానేద్దామనిపించింది. సాయంత్రం గ్రాత్సియెల్లా బిడ్డనెత్తుకుని వస్తే, ఎంత మిగిల్చారో చూడమని చదివి వినిపించింది. అంతకుముందు చదివిన అలవాటు కొద్దీ, కొట్టేసినచోటల్లా ఆగింది. మొదటిసారి ఆగగానే గ్రాత్సియెల్లా, ఇక్కడే కదా వార్డు మూసేశారని ఉండేది అంది. రెండోచోట ఆగితే, ఇక్కడ నేను కారులో కన్నాను అంది. మూడోచోట ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అంతే. మానేసే ఆలోచన ఎగిరిపోయింది.

ప్రారంభోత్సవం రోజు చౌకు నిండా జనం. నాలుగు మూలలా పోలీసులు, ఎవరి సంచిలోనైనా దుప్పటి ఉందేమోనని వెతుకుతూ. ఇప్పాట్సియా చర్చికి పోయే కోటు వేసుకుని మైకు ముందు నిలబడింది.

"మంత్రిగారికీ ఊరివాళ్ళకీ నమస్కారం. నేను ఈ వార్డులో పనిచేశాను."

అక్కడ ఆగింది. నోరు మూసుకుని మంత్రిగారికేసి చూస్తూ నిలబడింది. పాపం పెద్దావిడకి గొంతు పూడుకుపోయిందనుకుని మంత్రిగారు చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లలోంచి చేపల కొట్టు నికోదెమో గొంతు లేచింది.

"ఇప్పుడది మూసేశారు!"

ఆవిడ బుద్ధిగా తల ఊపి తర్వాతి వాక్యానికి వెళ్ళింది. "ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ పిల్లల్ని కంటున్నారు." మళ్ళీ ఆగింది. ఈసారి ఒక గొంతు కాదు. అరవై కిలోమీటర్లని ఒకరు, కారులోనని ఒకరు, బూటు లేసుతోనని చౌకు సగం. కతాల్దో కాలరు తడిసిపోయింది. ఫుల్వియా ముద్ర వేసిన కాగితంలో వేలు పెట్టి వెతుకుతోంది. ఇప్పాట్సియా ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. అంతా అనుమతించిందే. ఎవరో కంగారుపడి మైకు కట్టేశారు. నోరు మూసుకున్న మనిషికి మైకుతో పనేముంది? ఆవిడ ఆగుతూనే ఉంది, ఊరు చెబుతూనే ఉంది.

చివరికి "ధన్యవాదాలు" అని దిగింది. మంత్రిగారు అతికించినట్టున్న నవ్వుతో ఫలకం చేతిలో పెట్టి, రిబ్బను కత్తిరించి, విందు ముట్టకుండా వెళ్ళిపోయారు.

ఆవిడ మీద ఫిర్యాదు రాశారు. ఏమన్నదో రాయమంటే రుజ్జేరో అక్షరం పొల్లుపోకుండా రాశాడు. పైవాళ్ళు చూస్తే అందులో ఉన్నది వాళ్ళు ముద్ర వేసిన ఉపన్యాసమే. ఆవిడ ఆగిన సంగతి ఏ సెక్షను కింద రాయాలో తెలీక కేసు వదిలేశారు. కానీ అరిచినవాళ్ళని వదల్లేదు. అనుమతి లేని ప్రదర్శన అని నికోదెమోకీ ఇంకొందరికీ జరిమానాలు వచ్చాయి.

ఇది ఆవిడ ఊహించలేదు. నోరు మూసుకున్నది నేను, దెబ్బ తగిలింది వాళ్ళకి అని కుమిలిపోయింది. క్షమాపణ చెప్పడానికి నికోదెమో దగ్గరికి వెళ్తే, అతను జరిమానా కాగితానికి అద్దం కట్టించి, ఆక్టోపస్ ధర పక్కన వేలాడదీసి ఉన్నాడు.

"పిన్నీ, పుట్టాక మొదటిసారి నేను నోరు తెరిస్తే రాజధాని దాకా వినబడింది. ఏడవకు. మస్సెల్స్ గుల్లలు తాజాగా ఉన్నాయి, పట్టుకుపో."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. మస్సెల్స్ మాత్రం పట్టుకెళ్ళింది.

వార్డు తెరవలేదు. రెండు కంప్యూటర్లూ మంగళవారం, గురువారం పనిచేస్తాయి, కరెంటుంటే. వేసవి మొదట్లో మాత్రం ఊరికి ఒక అంబులెన్సు వచ్చింది, లోపల మంత్రసాని కూడా ఉంటుంది. దీనికీ ఆ సభకీ ఎటువంటి సంబంధమూ లేదని ప్రకటనలో రెండుసార్లు రాశారు.

ఆ నెలలోనే పురపాలక సంఘం తీర్మానం చేసి, ఇచ్చిన ఫలకాన్ని వెనక్కి తీసుకోమంది. రుజ్జేరో మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి టోపీ గుమ్మంలోనే తీసేశాడు. వంటింట్లో ఇప్పాట్సియా ఉప్పు రాసిన వంకాయ ముక్కల్ని ఊరగాయకని కుండలో పేర్చి, నీరు కారేదాకా పైన బరువు పెట్టి ఉంది. ఆ బరువు పాలరాయి. దాని మీద మంత్రిగారి పేరు పైకే ఉంది.

"అది తీసుకుపోవాలి పిన్నీ" అన్నాడు.

"ఇంకా నీరు దిగలేదురా. వచ్చే వారం రా."

రుజ్జేరో కుండలోకి తొంగిచూసి, వాసన పీల్చి, సదరు మహిళ ఇంట్లో లేదని రాసుకున్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, పోయినేటి జాడీలో వంకాయలేమైనా మిగిలాయా అని అడిగాడు.