ఖియెమ్ పిన్ని గుమ్మం కళ్ళు

మా హోయ్ ఆన్‌లో పాత ఇళ్ళ గుమ్మాల పైన రెండు కళ్ళుంటాయి. గుండ్రటి చెక్కబిళ్ళలు, చుట్టూ చామంతి రేకులు. వచ్చేవాడు మంచివాడో చెడ్డవాడో ఇల్లు వాటితోనే చూస్తుందని మా నమ్మకం. ఖియెమ్ పిన్ని ఇంటి కళ్ళలో ఒకటి నా చేతిలో పోయింది.

ఆమె ఇల్లు పాతపేటలో, ఏటి ఒడ్డు వీధిలో. భర్త పోయాక లాంతర్లకు పట్టుగుడ్డ అతికించి అమ్ముకుంటూ ఒక్కతే ఉంటోంది. గుమ్మం పైదూలాన్ని చెదలు తినేస్తే, పాత కట్టడాలు చూసే ఆఫీసువాళ్ళు నన్ను పంపారు. మాది ఏటికి అవతల కిమ్ బోంగ్, వడ్రంగుల ఊరు. దూలం దించాలంటే ముందు కళ్ళు దించాలి. దించి, ఎర్రగుడ్డలో చుట్టి, నా షెడ్డుకు తెచ్చుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే ఏరు పొంగింది. నేనూ నా భార్య సెన్ రంపం మెషీన్ని అటకెక్కించేసరికి నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. మూట కింది అరలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళలో తడిమితే ఎర్రగుడ్డా ఒక కన్నూ చేతికి తగిలాయి. రెండోది లేదు.

నీళ్ళు తీశాక మూడు రోజులు పడవ మీద తిరిగాను. రెల్లు పొదలన్నీ వెతికాను. వలలు వేసేవాళ్ళనల్లా అడిగాను.

"వెళ్ళి చెప్పెయ్యరాదూ?" అంది సెన్.

"ఏమని చెప్పను? రెండొందల ఏళ్ళ కన్ను ఏట్లో పారేశాననా?"

"ఆ మాటే చెప్పు. అన్నం కెలికి వదిలేస్తున్నావు, రాత్రంతా దొర్లుతున్నావు. నాకూ నిద్ర లేదు."

చెప్పలేదు. పనస చెక్క తీసుకుని కొత్తది చెక్కడం మొదలుపెట్టాను. ఎన్నడూ లేంది ఉలి జారి రెండుసార్లు వేలు తెగింది. చెక్కాక టీ డికాక్షన్ పట్టించాను, అగరొత్తుల పొగ పట్టించాను, అంచులు ఇసుకతో అరగదీశాను. పాతదాని పక్కన పెడితే నాకే తేడా తెలియలేదు.

ఈలోగా దూలం పనికి రోజూ పిన్ని ఇంటికి వెళ్ళాల్సిందే. ఆమె కుర్చీ గుమ్మంలో వేసుకుని కూర్చునేది. లాంతర్ల పని ముట్టుకోవడం లేదు.

"ఏమయ్యా థ్వాయ్, నా కళ్ళు ఎప్పుడు తెస్తావ్? ఇంటికి చూపు లేదని నేనే కాపలా కూర్చున్నా. మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామన్నా భయమేస్తోంది."

"పాలిష్ ఆరుతోంది పిన్నీ. రెండ్రోజులు."

ఆ రెండ్రోజులూ మూడు వారాలయ్యాయి.

చివరికి ఒక పొద్దున రెండూ పట్టుకెళ్ళాను. ఆమె కొత్తదాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల చెంపలా నిమిరింది. గుర్తుపట్టలేదు. కళ్ళనిండా నీళ్ళు.

"పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ ప్రతి కొత్త సంవత్సరానికీ వీటిని నా చేత్తోనే తుడుస్తున్నా. ఉండు, నీకోసం కావ్ లావ్ చేశా, తిని ఎక్కిద్దువు గానీ."

గిన్నె ముందు పెట్టింది. నూడుల్స్ ఒక్క ముద్ద తిని గిన్నె పక్కకు జరిపాను.

"పిన్నీ, నువ్వు నిమిరింది పాతది కాదు. అది వరదలో పోయింది. ఇది నేను చెక్కి, రంగు పులిమాను."

ఆమె కొత్త కన్నును తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"పోతే పోయింది. ఏరు ఎవరిమాట వింటుంది?" అంది. "మూడు వారాలు రోజూ ఇక్కడికొచ్చి, నా మొహం చూస్తూ పాలిష్ అన్నావే! అందుకు నీ చెంప పగలగొట్టాలి."

"కొట్టు పిన్నీ."

"నోర్ముయ్. ఈ దొంగ ముసలి రంగు గీకెయ్. ఇక్కడే, నా ముందే."

నడవాలో కూర్చుని గీకాను. టీ మరక కింద నుంచి పసుప్పచ్చని పనస చెక్క బయటపడింది. సాయంత్రానికి రెండు కళ్ళూ కొత్త దూలానికి ఎక్కించాను.

మర్నాడు తనిఖీకి ఆఫీసు మేడమ్ వచ్చింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. "ఎడమది పాతది, కుడిది కొత్తది. కుడివైపు పాతది వరదలో పోయింది. చెక్కినవాడు కిమ్ బోంగ్ థ్వాయ్. అలాగే రాసుకోమ్మా."

మేడమ్ రాసుకుంది. నాకు హెచ్చరిక కాగితం వచ్చింది. వానాకాలం అయ్యేదాకా పాతపేటలో ఎవరూ నన్ను పనికి పిలవలేదు. పడవల రిపేర్లు చేసుకుని నెట్టుకొచ్చాం. కొత్త సంవత్సరం ముందు పిన్ని పక్కింటాయన కబురు పెట్టాడు, కిటికీ చెక్కలు మార్చాలని. నా పేరు ఎవరు చెప్పారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పిన్ని మళ్ళీ లాంతర్లు చేస్తోంది. నాతో మాత్రం అవసరమైనంత వరకే మాట్లాడుతుంది. నేనూ ఆ వీధిలో నడిచేటప్పుడు ఆ గుమ్మం ముందు ఇంకా తలొంచుకునే వెళ్తున్నాను.