కరెంటొచ్చే రెప్పపాటు

వడమాలపేట దగ్గర సుబ్బులమ్మ మామిడి గుజ్జు షెడ్డులో కరెంటు రోజుకు నాలుగైదు సార్లు పోతాది. తిరిగొచ్చినప్పుడల్లా మిషన్ గిరుక్కున ఒక చుట్టు తిరిగి ఆగుతాది. ఆ రెప్పపాటులో, పోయిన ఏడు చచ్చిపోయిన ఆమె మొగుడు శాంతయ్య మిషన్ నోట్లో కుడిచెయ్యి పెట్టి నిలబడి కనిపిస్తాడు. సుబ్బులమ్మ నీళ్ల చెంబు పట్టుకోని కాసుకోనుంటాది. ఆయప్ప తాగేంత వ్యవధి ఏనాడూ దొరకలేదు.

మిషన్ను నడిపే కరెంటు బోర్డు చేసింది కూతురు అమల. గుజ్జు తీసేదానికి మోటారు ముందుకు తిరగాల, టెంక ఇరుక్కుంటే వెనక్కి తిరగాల. అట్లా రెండు పక్కలా తిప్పేదానికి నాలుగు స్విచ్చుల బ్రిడ్జి. పడకూడనివి రెండు ఒకేసారి పడితే బోర్డు కాలిపోతాదని, మధ్యలో ఊపిరంత విరామం కూడా ప్రోగ్రాములో రాసింది. ఎంత రాసి ఏం లాభం? కరెంటొచ్చినాక ప్రోగ్రాము ఉండే చిప్పు మేలుకునేదానికి ఒక రెప్పపాటు పడతాది. అంతవరకు ఆ స్విచ్చులకు చెప్పేవాళ్లు ఉండరు, ఇష్టమొచ్చినట్టు పడతాయి. వాటిని పడకుండా పట్టి ఉంచే నాలుగు రెసిస్టర్లు అమల వెయ్యలేదు. కరెంటు లేదు గదా అని శాంతయ్య చెయ్యి పెట్టి టెంక లాగుతా ఉంటే కరెంటొచ్చింది. రక్తం నిలవలేదు. ఆస్పత్రికి చేరేలోపే పోయినాడు.

చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు అమల రెసిస్టర్లు కొనుక్కొచ్చింది. తల్లి బోర్డు ముట్టుకోనీలేదు.

"అవి వేస్తే మీ నాయన రాడు గదా పాపా."

"రాడుమా."

"అయితే వద్దు. ప్లగ్గు పీకినాకే లోపల చెయ్యి పెడతాం."

నాయన్ను చంపింది తానేనని అమలకు ఏడుపు. రెండోసారి చంపేదానికి చేతులు రాలేదు.

ఈ ఏడు కోమలి పనిలో చేరింది. చురుకైన మనిషే, ప్లగ్గు సంగతి మాత్రం పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు మరిచిపోతాది.

మంగళవారం మధ్యాహ్నం కరెంటొచ్చింది. శాంతయ్య కనిపించినాడు. ఆయన పక్కన కోమలి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి. నిజమైన కోమలేమో తొట్టి దగ్గర కాయలు కడుగుతా ఉండాది.

సుబ్బులమ్మ చెంబు కింద పెట్టింది.

"అవి వెయ్యి పాపా," అనింది.

అమల ఏడుస్తానే నాలుగూ అతికించింది.

గురువారం కరెంటు పోయింది, టెంక ఇరుక్కుంది. కోమలి ప్లగ్గు మరిచి చెయ్యి పెట్టేసింది. అమల చూసి అరిచేలోపే కరెంటొచ్చింది.

మిషన్ కదల్లేదు. పక్కన ఎవరూ లేరు.

కోమలి టెంక లాగి అవతల పారేసింది. "పెద్దాయన రాలేదే ఈ పొద్దు?"

సుబ్బులమ్మ నీళ్ల చెంబు ఆమె కుడిచేతికి ఇచ్చింది. కోమలి గటగటా తాగేసింది.