మావారి కిలోమీటర్లు

"నువ్వెలాగూ తిరుగుతుంటావుగా, ఇది కూడా ఆన్ చేసుకో" అన్నారు మావారు, నా ఫోను గట్టు మీద పెడుతూ. నేను ఇడ్లీ రేకులకు నూనె రాస్తున్నాను. చేతులు జిడ్డుగా ఉండటంతో ముట్టుకోకుండానే తొంగి చూశాను. తెర మీద ఒక సైకిల్ బొమ్మ, దాని కింద ఆయన పేరు: వెంకటరమణ. వాళ్ల ఆఫీసులో నెల రోజుల సైకిల్ పోటీ అట. ఇంటి నుంచి ఆఫీసుకు ఎవరెన్ని కిలోమీటర్లు తొక్కుకొస్తే అన్నీ ఆ యాప్‌లో పడతాయట. ఆయన టీములో ఒక్కరూ తొక్కడం లేదు, పైమేనేజరు అడుగుతున్నాడు. "సైకిల్ నాదే కదా. నీకు అదనంగా పనేం లేదు" అన్నారు.

ఈ 'ఎలాగూ' మా ఇంట్లో చాలా పాతది. ఎలాగూ లేస్తావుగా, నన్ను అయిదింటికి లేపు. ఎలాగూ వండుతావుగా, మా వాళ్లిద్దరు భోజనానికి వస్తారు. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, గ్యాసు వాడొస్తే చూడు. పదకొండేళ్ల కాపురంలో నేను చేసిన పనుల్లో సగం ఈ మాట వెనకాలే వచ్చాయి. అందుకే నేనేమీ ఆశ్చర్యపోలేదు. చేతులు కడుక్కుని, యాప్ ఆన్ చేసుకుని, మా పాప తేజూని సైకిల్ మీద స్కూల్లో దింపడానికి బయల్దేరాను.

సైకిల్ ఆయనదే, నిజమే. మూడేళ్ల క్రితం డాక్టరు బరువు తగ్గమంటే కొన్నారు. గేర్లున్న ఖరీదైన సైకిల్. నాలుగు ఆదివారాలు తొక్కారు. అయిదో ఆదివారం వాన పడింది. ఆ తర్వాత అది మా గోపన్‌పల్లి ఫ్లాటు బాల్కనీలో బట్టలు ఆరేసుకునే కొయ్యగా స్థిరపడింది. హ్యాండిల్‌కు ఒకవైపు ఆయన టవలు, మరోవైపు మా అత్తగారి శాలువా.

ఈ యాప్ రాకముందే దాని మీద నుంచి టవలు తీయించింది నీలమ్మ. ఆమె మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడుస్తుంది. గోపన్‌పల్లి పాత ఊళ్లో ఉంటుంది. రోజూ తన పాత లేడీస్ సైకిల్ మీద నాలుగిళ్లు తిరుగుతుంది.

"ఏందమ్మా, గింత మంచి సైకిల్ మీద గుడ్డలారేస్తున్నవ్? నాకిస్తే చార్మినార్ దాంక పోయొస్త."

"నాకు తొక్కడం రాదు నీలమ్మా."

"రాదా? బీఏ సదివినవంట గదా!"

"బీఏలో సైకిల్ లేదులే."

ఆమె చీపురు కింద పెట్టి మరీ నవ్వింది. "గయితే నేను నేర్పిస్త. నాకు బీఏ లేదు, సైకిలున్నది."

అనంతపురంలో మా అన్నకు సైకిలుండేది. నేను దాన్ని ఆదివారాలు తుడిచేదాన్ని. చువ్వలు ఒక్కొక్కటీ కొబ్బరినూనె గుడ్డతో మెరిపించేదాన్ని. ఎక్కుతానంటే నాన్న, "పడితే మచ్చలు పడతాయి, వద్దు" అనేవారు. తుడవడంలో పడే ప్రమాదం లేదు కాబట్టి అది నాకు వదిలేశారు. ఇదంతా నీలమ్మకు చెప్పలేదు. చెప్తే ఇంకా నవ్వేది.

మా అపార్ట్‌మెంటు సెల్లారు పొద్దున పదిన్నరకల్లా ఖాళీ అయిపోతుంది. కార్లన్నీ గచ్చిబౌలికో, హైటెక్ సిటీకో వెళ్లిపోతాయి. నేల మీద ఫ్లాటు నంబర్లు, తెల్లగీతలు మాత్రం మిగులుతాయి. అంత విశాలమైన నీడ రోజూ మా కాళ్ల కింద ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. నీలమ్మ సీటు వెనక పట్టుకునేది, నేను 304 గీత నుంచి 412 గీత దాకా పోయేదాన్ని. "కిందికి సూడకమ్మా, కింద ఏముంది సిమెంటు! ముంగట సూడు." స్తంభానికి గుద్దుకుని మోచెయ్యి చెక్కుకుపోయిన రోజున అత్తగారికి తలుపు తగిలిందని చెప్పాను. తొమ్మిదో రోజు వెనక్కి తిరిగి, "పట్టుకున్నావా?" అని అరిస్తే, నీలమ్మ చాలా దూరంలో, స్తంభానికి ఆనుకుని, తమలపాకు నములుతూ చెయ్యి ఊపింది. నాకు ముప్పై ఏడేళ్లు. నా జీవితంలో నన్ను ఎవరైనా అలా పట్టుకుని, అలా వదిలిన సందర్భం ఇంకొకటి గుర్తు రావడం లేదు. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో చెప్పడానికి ప్రయత్నిస్తే, "జర ఆ చాయ్ పెట్టు, సాలు" అంది.

నేను రోడ్డెక్కిన మొదటిరోజు మా అత్తగారు పద్మావతమ్మ బాల్కనీలోంచి చూశారు. "ఏమ్మే, ఈ వయసులో సైకిలేంది? కిందపడితే నిన్ను జూసేదెవరు? మమ్మల్ని జూసేదెవరు?" అన్నారు. రెండో ప్రశ్న దగ్గర గొంతు కాస్త పెరిగింది. వారం తిరక్కుండానే, "ఎట్లా సైకిల్ మీద పోతాండావు గదా, అట్లే నా బీపీ మాత్రలు తెచ్చెయ్" అన్నారు. తర్వాత మల్లెపూలు, తర్వాత కుట్టు దుకాణంలో రవికె. వెనక క్యారియరు బిగించి, తేజూ కోసం దాని మీద దూది మెత్త కట్టాను. ముందు బుట్ట పెట్టాను. స్కూలు, కూరగాయలు, పాలు, మందులు. పనులు తగ్గలేదు, నిజం చెప్పాలంటే పెరిగాయి. అయినా నాకు కోపం రాలేదు. యూనివర్సిటీ గోడ పక్కన, చెట్లు రోడ్డు మీదికి వంగిన చోట ఒక వాలు ఉంది. అక్కడ పెడలు తొక్కనక్కర్లేదు. ఆ వాలులో ఉన్నంతసేపూ నేను ఎవరికీ ఏమీ తెచ్చిపెట్టడం లేదు. ఆయన ఆ సైకిల్ కొన్నందుకూ, కొని వదిలేసినందుకూ, ఆ వాలు దగ్గర రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని.

నన్ను చూసి రెండో అంతస్తు రాజమ్మగారు వచ్చారు. బ్యాంకులో రిటైరయ్యారు, అరవై రెండేళ్లు. "నా మోకాలు ఒప్పుకుంటుందంటావా అమ్మాయ్?" అని నన్నడిగి, నా జవాబు వినకుండా ఎక్కేశారు. ఆవిడ తర్వాత మరో ఇద్దరు. నీలమ్మ, నేను చెరోవైపు పట్టుకునేవాళ్లం. పదిన్నర దాటితే సెల్లారు నిండా నవ్వులే.

యాప్ వచ్చాక ఆ వాలు కూడా మావారి ఖాతాలో పడింది. నేను పాలకు వెళ్తే ఆయన ఆఫీసుకు వెళ్లినట్టు. అత్తగారి మాత్రలకు వెళ్తే మరోసారి వెళ్లినట్టు. నా ప్రతి తిరుగుడునూ ఆయన సాయంత్రం కూర్చుని 'పనికి ప్రయాణం' అని మార్చేవారు. ఇన్నేళ్లుగా నేను చేసేదాన్ని ఎవరైనా పని అనడం అదే మొదటిసారి. కాకపోతే పేరు నాది కాదు.

రెండో వారానికి ఆయన మూడో స్థానానికి వచ్చారు. ఇంట్లో అడుగు పెడుతూనే, "నిన్న నాలుగే పడ్డాయేం? పక్క టీములో ఆ శివ నన్ను దాటేస్తున్నాడు. తేజూని దింపి అట్లే నల్లగండ్ల చెరువు దాకా ఒక రౌండు వేసి రారాదూ?" అనేవారు. వానలో కూడా తొక్కాను. ఒకరోజు నెలసరి నొప్పితో ముడుచుకుని పడుకుంటే, ఆయన గుమ్మంలో నిలబడి చాలా మెత్తగా, "ఈరోజు సున్నా పడుతుందేమో" అన్నారు. నేను లేచాను. చెట్ల వాలు దగ్గర మొదటిసారి పెడళ్లు ఆపలేదు, త్వరగా అయిపోతే చాలనిపించింది. ఇంటికొచ్చాక అది అర్థమై భయం వేసింది. నాకంటూ ఉన్న ఆ ఒక్కటీ అంట్లగిన్నెలా మారిపోతోంది.

మంగళవారం సాయంత్రం ఆయన స్వీట్ల డబ్బాతో వచ్చారు. మొదటి స్థానం. ఆయన్ని ఆఫీసులో 'సైకిల్ మిత్ర' చేశారట. గురువారం మూడొందల మంది ముందు మాట్లాడాలి, రోజూ సైకిల్ మీద రమ్మని మిగతావాళ్లను ప్రోత్సహించాలి. "నువ్వు బాగా రాస్తావుగా, రెండు పేజీలు రాసిపెట్టు" అన్నారు.

నేను సంతోషంగానే రాశాను. నాకు తెలిసినదంతా రాశాను. చున్నీని నడుముకు ఎలా ముడి వేసుకోవాలో, రెండు సంచులు తగిలిస్తే బరువు సమానంగా ఎందుకుండాలో, ఆటోవాళ్ల కళ్లలోకి చూస్తే ఎలా ఆగుతారో, వెనక పాప నిద్రపోతే భుజం ఎలా వెనక్కి ఆనించాలో. ఆయన పెన్ను తీసుకుని చదవడం మొదలుపెట్టారు.

"చున్నీ గురించి నేనెట్లా చెప్తా?" కొట్టేశారు. "పాల ప్యాకెట్లు ఎందుకు ఇక్కడ?" కొట్టేశారు. పాపను కొట్టేశారు. రెండు పేజీల్లో చివరికి 'గాలి రోజూ చూసుకోండి' ఒక్కటి మిగిలింది.

"ఇట్లా కాదు ప్రశాంతీ. ఇంటి నుంచి ఆఫీసు దాకా దారి ఎట్లా ఉంటుంది, ట్రాఫిక్ ఎట్లా తప్పించుకోవాలి, అది రాయి."

"ఆ దారి నాకు తెలియదండీ. నేనెప్పుడూ వెళ్లలేదు."

ఆయన పెన్నుకు మూత పెట్టేశారు. తనకూ తెలియదని ఆయన అనలేదు, నేనూ అనలేదు. "ఏదో ఒకటి రాయి. ఎవరడుగుతారు?" అని టీవీ పెట్టుకున్నారు.

నాకు ఏదో ఒకటి రాయడం రాదు. కూరలో ఉప్పు కూడా ఏదో ఒకటని వేయను. బుధవారం పొద్దున ఆయన కారులో వెళ్లిపోయాక సైకిల్‌కు గాలి కొట్టించి, తేజూని దింపొచ్చి, అత్తగారికి ఇడ్లీ పెట్టి, మళ్లీ చెప్పులేసుకున్నాను.

"మళ్లా యాడికే?"

"ఆఫీసుకు, అత్తమ్మా."

"ఎవురి ఆఫీసుకు?"

ఆ ప్రశ్నకు దారంతా నవ్వుకున్నాను. గౌలిదొడ్డి దాటాక రోడ్డు వెడల్పయింది, నా గుండె చిన్నదైంది. బస్సులు చెవి పక్క నుంచి పోయాయి. గచ్చిబౌలి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కబోయి, తప్పు తెలిసి, దిగి, నెట్టుకుంటూ వెనక్కి వచ్చాను. ఎవరో హారన్ కొడుతూ, "ఇంట్ల కూసోరాదమ్మా!" అన్నాడు. కూర్చోలేదు. రాయదుర్గం ఎత్తు దగ్గర గేరు మార్చి, లేచి నిలబడి తొక్కాను. పదకొండు కిలోమీటర్లు. అద్దాల మేడ ముందు ఆగేసరికి కుర్తా తడిసిపోయింది, నాకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది.

గేటు పక్కనే సైకిళ్ల స్టాండు. అన్నిటికంటే ముందున్న చోట కొత్త బోర్డు, దాని మీద మావారి ఫోటో. 'ఈ నెల సైకిల్ మిత్ర వెంకటరమణ గారికి ప్రత్యేకం.' ఆ చోటు ఖాళీగా, దుమ్ము కూడా చెదరకుండా ఉంది.

సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. "ఆడ పెట్టకుండ్రి మేడం, గది సార్‌ది."

"ఆ సార్ సైకిల్ మీద రావడం మీరెప్పుడైనా చూశారా?"

"నేనైతే సూడలే. కార్ల వస్తడు. నా డ్యూటీ లేనప్పుడు సైకిల్ మీద వస్తడేమో అనుకున్న."

"ఇదే ఆ సైకిల్" అన్నాను. "నేను ఆయన భార్యను."

అతను దూది మెత్తనీ, బుట్టలో మిగిలిన కరివేపాకు రెమ్మనూ, బోర్డు మీది ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పక్కకు జరిగి దారిచ్చాడు.

సైకిల్ ఆ చోట నిలబెట్టి తాళం వేశాను. యాప్ చూస్తే, మావారు ఈ నెలలో మొదటిసారి నిజంగానే ఆఫీసుకు చేరుకున్నారు. ఆయన ఖాతాలోంచి బయటికి వచ్చేశాను. తర్వాత ఆయనకు రాశాను: "మీరడిగిన దారి చూశాను. గచ్చిబౌలి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కకండి, కింద నుంచే రండి. రాయదుర్గం నుంచి వచ్చేటప్పుడు దిగుడు, బ్రేకులు రెండూ కలిపి పట్టండి. యూనివర్సిటీ గోడ పక్కన ఒక వాలు ఉంది, అక్కడ తొక్కడం ఆపి చూడండి. సైకిల్ మీ చోట్లో పెట్టాను, తాళంచెవి గేటు దగ్గర ఇస్తున్నాను. ఈ సాయంత్రం తొక్కుకుంటూ రండి. రేపు మాట్లాడటానికి మీకు మీ మాటలే ఉంటాయి."

ఆయన రాస్తున్నట్టు కనిపించింది. ఆగింది. మళ్లీ కనిపించింది. చాలాసేపటికి ఒకే వాక్యం వచ్చింది: "టైర్లలో గాలి సరిపోతుందా?"

"పొద్దునే కొట్టించాను" అని జవాబిచ్చాను. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో ఆయనకు తెలియదు.

తాళంచెవి అందుకుంటూ సెక్యూరిటీ అతను అడిగాడు. "సార్ సైకిల్ మీద పోతే, మరి మీరెట్ల పోతరు మేడం?"

"మెట్రోలో మూసాపేటకు. అక్కడ పాత సైకిళ్ల దుకాణం ఉందట" అన్నాను. మా అమ్మ చీరకని పంపిన డబ్బు పర్సులో ఉందో లేదో తడిమి చూసుకున్నాను. "తేజూ స్కూలు వదిలేలోగా నా సైకిల్ మీద ఇంటికి చేరుకుంటాను."