మూత లోపలి అంకె

మా ఇంట్లో అప్పట్లో రెండు కార్లుండేవి. ఒకటి మా ఆయనది, ఇరవై రెండేళ్లది. రెండోది కోడలిది, పాతదే అయినా ఆయనదానంత పాతది కాదు, కొని నాలుగు నెలలు. ఆదివారం పొద్దున్నే రెండింటినీ ఒకదాని వెనక ఒకటి బంకుకు తీసుకెళ్లి ట్యాంకు నింపించుకు రావడం మా ఆయన పని. ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో ఒక్కొక్క పనీ ఎవరో ఒకరు ఆయన చేతిలోంచి తీసేసుకుంటూ వచ్చారు, పోనీ పాపం అనే. చివరికి ఈ పెట్రోలు పని ఒక్కటే మిగిలింది. నేను పక్క సీట్లో కూర్చుని వెళ్లేదాన్ని, తోడుకి.

ఆయన తన బండికి ఖరీదైన పెట్రోలే పోయించేవారు. బంకులో ఈ చివర పంపు అది. దాని మీద తొంభై ఐదు అని ఉంటుంది, మిగతా మూడింటి మీదా తొంభై ఒకటి.

"ముసలి ఒంటికి బలం మందు పడొద్దా" అనేవారు. ఎవరి ఒంటి సంగతో నేను అడగలేదు.

మా అబ్బాయి నీటి సరఫరా ఆఫీసులో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూస్తాడు. కంటితో చూసిన అంకెను తప్ప దేన్నీ నమ్మడు. తండ్రిని ఒప్పించి ఒక నెల ఆయన కారులో మామూలు పెట్రోలు, ఒక నెల ఖరీదైనది పోయించి చూశాడు. రెండు నెలలూ ఒకటే లెక్క, ట్యాంకుకి నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. ఎత్తు ఎక్కడంలోనూ తేడా లేదు.

"చూశారా నాన్నా, అంకె అబద్ధం చెప్పదు. మీరు పోసేది డాబుకే" అన్నాడు.

"డాబుకే పోస్తున్నాననుకో. నీకేం పోయింది?" అని ఆయన మళ్లీ చివరి పంపు దగ్గరే ఆపారు.

అక్కడితో ఆగితే బాగుండేది. వాడు అదే లెక్కను పెళ్లాం బండికి కూడా తగిలించాడు. "దాన్లో మాత్రం మామూలుదే పోయించండి. ఆ బలం మందులేవో మీ బండి దాకానే" అని తండ్రి దగ్గర మాట తీసుకున్నాడు.

కోడలి ఉద్యోగం ఆ బండి మీదే నడిచేది. కొండ మీద ఒక ఆసుపత్రి ఉంది. కింద ఊళ్లో రోగుల దగ్గర తీసిన రక్తం సీసాలను చల్లటి పెట్టెలో పెట్టుకుని పైనున్న ల్యాబుకు చేర్చాలి. పెట్టె చేతికి అందిన గంటన్నరలో పైన దించాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఆ దారి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అసలు రాకపోయినా ఆలస్యం కిందే లెక్క. ల్యాబు సూపర్వైజరు పెద్దగా మాట్లాడడు, గోడ మీద కాగితంలో ఒక గీత గీస్తాడు. ఆ నెల మొదటి వారంలోనే కోడలి పేరు పక్కన రెండు గీతలు పడ్డాయి. కొండ ఎక్కేటప్పుడు బండి నీరసపడుతోంది. వెనక లారీ వాళ్లు హారన్ కొడుతుంటే పక్కకు తప్పుకోవాల్సి వస్తోంది.

"నేను నడపడం రాక కాదు అత్తయ్యా. కాలు పూర్తిగా నొక్కినా అది కదలదు" అంది నాతో, గిన్నెలు తోముతూ. గొంతులో ఏడుపేం లేదు. గిన్నె మాత్రం రెండుసార్లు తోమింది.

ఆ నెల రెండో ఆదివారం, ముందుగా మా ఆయన బండి నింపుకొచ్చి, తర్వాత కోడలి బండి తీశాం. దారి పొడుగునా తన లారీ రోజుల్లో ఒక వంతెన దగ్గర ఎలా ఇరుక్కున్నారో చెబుతున్నారు. నేను అప్పటికి వందసార్లు విన్నదే. ఆ మాటల్లోనే చెయ్యి అలవాటు కొద్దీ తిరిగి బండి చివరి పంపు దగ్గర ఆగింది. పెట్రోలు ముల్లు అప్పటికే కింది గీత మీద ఉంది. పంపు అబ్బాయి నిండా పోసేశాడు. ఆయన అప్పుడు చూశారు పంపు మీద అంకె.

"ఇదిగో, ఇంట్లో ఈ మాట అనకు. తెలిస్తే ఈ ఒక్క పనీ లాగేసుకుంటాడు వాడు."

"నేనెందుకంటాను" అన్నాను. అనలేదు కూడా.

ఆ వారం బండి తీరే మారింది. సోమవారం పద్నాలుగు నిమిషాలు ముందే చేరానని కోడలు ఫోను చేసింది. మోకాలి డాక్టరు ఆ కొండ మీదే ఉంటాడు కనుక నేను ప్రతి బుధవారం కోడలి బండిలోనే వెళ్తాను. ఆ బుధవారం మూడో మలుపు దగ్గర, ఎప్పుడూ ఇంజను మూలిగే చోట, ఒక్క చప్పుడు లేదు. పోయిన బుధవారం అక్కడే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంది. ట్యాంకు కూడా మామూలుగా శుక్రవారానికే దాదాపు ఖాళీ అయ్యేది, ఆసారి శనివారం సాయంత్రం దాకా వచ్చింది.

"టైర్లలో గాలి సరిగ్గా పట్టించాను కదా, అదీ కారణం" అన్నాడు మా అబ్బాయి. మా ఆయన పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

నేను చదివింది మూడో తరగతి. కానీ ముప్ఫై ఏళ్లు కుట్టుమిషను మీద బతికినదాన్ని. కొలతలు ఏనాడూ రాసుకోలేదు, అన్నీ తలలోనే. ఎదురింటావిడ నడుము ఏ ఏడు ఎంతుందో ఇప్పటికీ చెప్పగలను. అందుకే ఆవిడ నాతో మర్యాదగా ఉంటుంది. కాబట్టి పద్నాలుగు నిమిషాలూ, మూడో మలుపూ, శనివారం సాయంత్రమూ, చివరి పంపూ నా తలలో ఒకే వరసలో కుదురుకున్నాయి. అయినా మాట ఇచ్చాను కదా అని ఊరుకున్నాను.

మూడో ఆదివారం ఆయన ఒళ్లు దగ్గర పెట్టుకుని మామూలు పంపు దగ్గరే ఆపారు. సోమవారం కోడలు రెండు నిమిషాల తేడాతో గట్టెక్కింది. బుధవారం మూడో మలుపులో గులకరాళ్లు తిరిగొచ్చాయి. నేను కోడలి వైపు చూశాను. అది రోడ్డు వైపే చూస్తూ పళ్లు బిగించి నడిపింది. ఆ రోజు మిగిలింది ఒక్క నిమిషం.

శనివారం మధ్యాహ్నం మా అబ్బాయి బండిని చెవుల మేస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటాడు, అందుకని ఆ పేరు. ఇంటిల్లిపాదీ వెళ్లాం. షెడ్డులో మాకోసం ఒక పాత వెనక సీటు వేశారు, సోఫాలాగా.

మేస్త్రీ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డు పక్కనున్న వంతెన ఎత్తు మీదకు నడిపి, తిరిగొచ్చి, విని, చెయ్యి తుడుచుకున్నాడు.

"లోపల కొట్టుకుంటోందమ్మా. మసి పట్టి ఉండొచ్చు. విప్పి చూడాలి. మంగళవారానికి ఇస్తాను."

"సోమవారం నాకు డ్యూటీ ఉంది" అంది కోడలు.

"ఇంజను విప్పాక డ్యూటీ ఏముందమ్మా."

"సోమవారం వెళ్లకపోతే మూడో గీత" అంది కోడలు. ఆ మాట మేస్త్రీకి చెప్పినట్టు లేదు. మా అబ్బాయి తల గోక్కున్నాడు. విప్పడమే మంచిదేమో, ఉద్యోగం ఇంకొకటి చూడొచ్చేమో అని మొదలుపెట్టాడు. మేస్త్రీ అప్పటికే పనిముట్ల పెట్టె దగ్గరకు లాక్కుంటున్నాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన టైరు వైపు చూస్తున్నారు. ఆ టైరులో అంత చూడాల్సింది ఏమీ లేదు.

నేను లేచి వెళ్లి పెట్రోలు పోసే మూత తలుపు తెరిచాను. లోపల దుమ్మూ జిడ్డూ కలిసి నల్లటి పొరలా అట్టకట్టింది. మేస్త్రీ గుడ్డ తీసుకుని రుద్దాను. కింద ఒక చిన్న కాగితం అంటించి ఉంది, దాని మీద రెండంకెలు.

"ఇది తొంభై ఐదే కదా" అన్నాను.

"అది టైరు గాలి లెక్కయి ఉంటుందిలే అమ్మా" అన్నాడు మా అబ్బాయి.

"టైరు లెక్క పెట్రోలు మూతలో రాస్తారా బాబూ" అన్నాడు మేస్త్రీ. పెట్టె వదిలేసి వచ్చి వంగి చూశాడు. "మీరు దీన్లో ఏం పోస్తున్నారు?"

"తొంభై ఒకటి. మా నాన్న కారులో పరీక్ష చేసి చూశాను, రెండింటికీ తేడా లేదు."

"మీ నాన్నగారిది పాత ఇంజను. అది ఏది పోసినా తాగుతుంది, ఎక్కువ ఇస్తే ఎక్కువ పరిగెత్తదు. ఇది టర్బో. గాలిని గట్టిగా అదిమి మండిస్తుంది. పెట్రోలుకి అంత తట్టుకునే శక్తి లేకపోతే నిప్పు రవ్వ రాకముందే తనంతట తను అంటుకుంటుంది, అదే ఆ చప్పుడు. అది తెలిసి ఇంజను తనే వెనక్కి తగ్గుతుంది, పాడైపోకుండా. బలమూ పోతుంది, మైలేజీ కూడా కొంత పోతుంది." మళ్లీ ఒకసారి ఆ కాగితం వైపు వంగాడు. "అయితే నేననుకోవడమే. దీన్లో ఎప్పుడైనా తొంభై ఐదు పోసి చూశారా? చూసి ఉంటే విప్పక్కర్లేదని ధైర్యంగా చెబుతాను."

"ఎప్పుడూ పోయలేదు" అన్నాడు మా అబ్బాయి.

నేను నోరు తెరిచాను. ఎలా మొదలుపెట్టాలా అని గుక్క తిప్పుకునేలోపు, టైరు దగ్గర్నుంచి మాట వచ్చింది.

"పోశాం. పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం. నేనే. పరాకున ఆ పంపు దగ్గర ఆపాను."

కోడలు వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ఆ వారమే కదా మావయ్యా, పద్నాలుగు నిమిషాలు."

"ఆ వారమే."

"చెప్పొచ్చు కదా నాన్నా" అన్నాడు మా అబ్బాయి.

"నువ్వు వినొచ్చు కదా" అన్నారు మా ఆయన. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోయే మాటలు కావు. అయినా అక్కడితో సరిపోయింది.

మేస్త్రీ పెట్టె మూసేశాడు. విన్నందుకు డబ్బులేమీ తీసుకోనన్నాడు. బండి ట్యాంకు అప్పటికి దాదాపు ఖాళీ. షెడ్డు నుంచి నేరుగా బంకుకే వెళ్లాం, అందరం ఒకే బండిలో. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని చివరి పంపు దగ్గర ఆపారు. ఆసారి పరాకుగా కాదు.

సోమవారం కోడలు పదమూడు నిమిషాలు ముందు చేరింది. మంగళవారం పద్నాలుగు. బుధవారం నేనూ ఉన్నాను, మూడో మలుపులో కోడలు నాతో తన చిన్నప్పటి బడి కబుర్లు చెబుతోంది, అంత తీరిగ్గా ఎక్కింది బండి. నేను మోకాలు చూపించుకుని ల్యాబు వైపు వెళ్లి గోడ మీద కాగితం చూశాను. రెండు గీతలే ఉన్నాయి. నెలాఖరున సూపర్వైజరు ఆ కాగితం తీసేసి కొత్తది అంటించాడు. ఆ దారి కోడలికే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం మా అబ్బాయి తాళాలు తీసుకుని తనే బంకుకు వెళ్తానని లేచాడు. ఇక పొరపాట్లు వద్దు అన్నాడు. కోడలు వాడి చేతిలోంచి తాళాలు తీసి మా ఆయనకిచ్చింది.

"మావయ్యకి ఆ పంపు అలవాటు. మీకు లేదు" అంది.

పిల్లలిద్దరూ ఒక్క షరతు మాత్రం పెట్టారు, ఆయన బండికి ఇకనుంచి మామూలుదే అని. ఆయన ఒప్పుకున్నారు. కానీ వారం రోజులు ఆ బండి చిక్కిపోయిందనీ, గొంతు మారిందనీ, ఎత్తులో ఆయాసపడుతోందనీ చెబుతూనే ఉన్నారు. ట్యాంకు ఖాళీ అయ్యాక నన్ను అడిగారు.

"ఎంత తిరిగింది?"

"నాలుగు వందల పన్నెండు."

"అంతకు ముందు?"

"నాలుగు వందల పన్నెండు."

ఆయన కిందికి దిగి టైరు చూసుకుంటూ నిలబడ్డారు.